మంత్రకవచము

కవచమన్న మాట వినగానే మనకు ముందుగా కర్ణుడు జ్ఞప్తికి వచ్చును. పుట్టుకతో వచ్చిన కవచమును ఒడలినుండి కోసి యింద్రున కిచ్చిన ఆ వీరుని కథను ఎఱ్ఱాప్రెగడ ఆరణ్యపర్వశేషమున మనకు తెలుగు చేసి యిచ్చెను. గ్రీకుల కథలలో అకిలీసు అను వీరునికి దేవశిల్పి హెఫెస్టసు ఒక్క రాత్రిలో కవచము చేసి యిచ్చినట్లు హోమరు మహాకవి ఇలియడులో వర్ణించెను. మనుష్యుడు తన చర్మము పలుచనిదని యెఱిగిన నాటినుండి, ఏ దెబ్బయు చొరరాని తొడుగును గూర్చి కలలు గనుచునే యున్నాడు.

ఈ కలను లెక్కలలోనికి దింపిన యొక ఆట అమెరికాలో పుట్టినది. దాని పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 1974లో దానిని ప్రకటించిరి. అంతకు ముందు, 1971లో, గైగాక్సును జెఫ్ పెర్రెన్ అను నాతడును కూడి చెయిన్‌మెయిల్ అను యుద్ధక్రీడా నియమావళిని వెలువరించిరి. ఆ మాటకు గొలుసుకవచమనియే యర్థము. కావున ఈ ఆటకు పునాది కవచమే యనిన తప్పు కాదు.

నేను గణితము బోధించువాడను. మా పాఠశాలలో చదివి బెంగుళూరున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు ఈ ఆట పుస్తకమును తెచ్చి నాకిచ్చి, “సంభావ్యత పాఠమునకు పనికివచ్చునేమో చూడండి సార్” అనెను. పనికివచ్చినది. పాఠమునకే గాక మా యింటికిని పనికివచ్చినది. ఆ సంగతి చెప్పుటకే యీ వ్యాసము.

ఈ ఆటకు పలక అక్కరలేదు. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకరు కథను నడుపువారు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు అర్చకుడు, ఒకడు దొంగ. “మీ యెదుట గుహ యున్నది, లోపల వెలుతురు కానవచ్చుచున్నది” అని నిర్వాహకుడు చెప్పును. ఏమి చేయుదురో ఆటగాండ్రు చెప్పుదురు. ఫలము నిశ్చయము కానిచోట ఇరువది ముఖముల పాచికను వేయుదురు. ఇట్టి పాచిక నేటిది కాదు. టాలెమీ రాజుల కాలమునకు, రోమనుల కాలమునకు చెందిన ఇరువది ముఖముల ఐగుప్తు పాచికలు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నవి.

మాకు అట్టి పాచిక దొరకలేదు. పిల్లలు అట్టముక్కతో ఇరువది సమబాహుత్రిభుజములు కత్తిరించి యొకటి చేసిరిగాని, అది యొక ప్రక్కకే మ్రొగ్గుచుండెను. అప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఉపాయము చెప్పినది. ఒకే తీరున నున్న ఇరువది చింతగింజలను ఏరి, 1 మొదలు 20 వరకు సంఖ్యలు వ్రాసి, గుడ్డసంచిలో వేసితిమి. చూడకుండ ఒకటి తీయుట, చదివి మరల సంచిలో వేయుట. గణితమునకు పాచికయైన నేమి, చింతగింజయైన నేమి?

ఇక కవచము సంగతి. ప్రతి పాత్రకును ఒక కవచసంఖ్య యుండును. ఆంగ్లమున దానిని ఆర్మర్ క్లాసు అందురు. 1974 నాటి మొదటి పుస్తకములలో ఈ సంఖ్య తగ్గినకొలది రక్షణ హెచ్చుచుండెను: కవచము లేనివానికి 9, నిండు లోహకవచమును డాలును గలవానికి 2. 2000లో వచ్చిన మూడవ కూర్పులో దీనిని తలక్రిందులు చేసి, సంఖ్య పెరిగినకొలది రక్షణ పెరుగునట్లు సవరించిరి. మేము ఆడినది ఆ కూర్పే. అందు ఏ తొడుగును లేనివానికి 10. గొలుసుకవచము దానికి 5 చేర్చును, పెద్ద డాలు 2 చేర్చును. శత్రువు పాచిక వేసి, దానికి తన బలమును కలుపగా వచ్చిన మొత్తము మన కవచసంఖ్యకు సమానముగానో మించియో యున్నచో దెబ్బ తగులును. ఒక్కటి తక్కువైనను తగులదు.

మంత్రకవచమనగా, ఈ సంఖ్యకు మంత్రబలముచే 1 మొదలు 5 వరకు అదనముగా చేరిన కవచము. ఇంతమాత్రమునకే అంత ఆర్భాటమా యని పిల్లలు మొదట పెదవి విరిచిరి. లెక్క వేసి చూపితిని. ఒక వీరుని కవచసంఖ్య 16, శత్రువు కలుపుకొను బలము 5 అనుకొందము. శత్రువునకు 11 గాని అంతకు మించి గాని పడవలెను. 11 మొదలు 20 వరకు పది సంఖ్యలు; అనగా నూటికి 50 దెబ్బలు తగులును. కవచమునకు ఒకటి చేర్చినచో తొమ్మిది సంఖ్యలే మిగులును, నూటికి 45. కవచసంఖ్య 24 అయినచో శత్రువునకు 19 గాని 20 గాని పడవలెను, నూటికి 10. దానికిని ఒకటి చేర్చినచో 20 ఒక్కటే మిగులును, నూటికి 5. మొదట 50ని 45 చేసిన ఆ ఒకటియే యిక్కడ అపాయమును సగమునకు దించినది. అటుపై ఎంత చేర్చినను ప్రయోజనము లేదు. 20 పడినచో దెబ్బ తగిలి తీరవలెనని నియమము. ఎంతటి మంత్రకవచమైనను ఇరువదింట ఒక వంతు విధికి విడిచిపెట్టవలసినదే.

సంఖ్యతో పాటు గుణములను గూడ కవచమున కెక్కింపవచ్చును. కొన్ని కవచములు అగ్నివలన కలుగు నష్టమును తగ్గించును. కొన్ని చూపరులకు సాధారణవస్త్రములవలె కనబడును. ఫోర్టిఫికేషన్ అను గుణముగల కవచము మర్మస్థానమున తగిలిన దెబ్బను నూటికి 25, 75 లేక 100 పాళ్లు మామూలు దెబ్బగా మార్చును. మిత్రల్ అను వెండివంటి లోహముతో చేసినది సగము బరువే యుండును. 1954, 1955 సంవత్సరములలో వెలువడిన టోల్కీను నవల ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లోని మిత్రిల్ అను లోహమే దీనికి మూలము. ఆ నవలలో ఫ్రోడో అను వానిని బల్లెపుపోటునుండి ఆ లోహపు చొక్కా కాపాడును. కాని ఒడలు కమిలిపోవును. కవచము ప్రాణమును నిలుపునుగాని నొప్పిని లేకుండ చేయదని టోల్కీను మరువలేదు.

ఇప్పుడు మా యింటి మాట చెప్పవలెను. మాది కృష్ణగిరి జిల్లా. ఈ సీమ గ్రానైటు రాతికి పేరుపడినది. మా నాయన ముప్పదియేండ్లు రాతిగనులలో డ్రిల్లింగు మిషను పట్టెను. ముక్కునకు తువ్వాలు చుట్టుకొని పోయి, సాయంకాలము కనుబొమలు సైతము తెల్లబడి యింటికి వచ్చెడివాడు. ఏబదియవ యేట దగ్గు పట్టుకొన్నది. మెట్లెక్కలేకపోయెను; తరువాత పడుకొనలేకపోయెను; గోడకానుకొని కూర్చుండియే రాత్రులు గడపెను. వైద్యులు దానిని సిలికోసిస్ అనిరి. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టును. కట్టిన మచ్చను మాన్పు మందు లేదు. నాలుగేండ్లకు నాయన పోయెను. నన్ను చదివించినది ఆ డ్రిల్లింగు మిషనే.

నా తమ్ముడు చదువు ఇష్టపడక ఆ పనికే పోయెను. వాడును ముక్కునకు తువ్వాలే చుట్టుకొనెడివాడు. మంచి మాస్కు పెట్టుకొమ్మని అమ్మ ఏడ్చెను, నేను చెప్పితిని, వాని భార్య అలిగెను. వాని సమాధానము ఒక్కటే: “రాసిపెట్టుంటే మాస్కు పెట్టుకున్నోడికీ వస్తాదన్నా. ఎట్లా వచ్చేదానికి ఇదంతా ఎందుకు?” ఈ మాటకు బదులు చెప్పుట అంత సులభము కాదు. మాస్కు పెట్టుకొన్నవారికి రాదని ఎవరును ప్రమాణము చేయజాలరు గదా!

ఒక శనివారము వాడు నన్ను బండిమీద తీసికొనిపోవుటకు పాఠశాలకు వచ్చెను. ఆట నడుమ నుండెను. యోధుని పాత్ర వేయు బాలుడు జ్వరముతో రాలేదు. “చిన్నాన్నా, మీరు కూర్చోండి” అని పిల్లలు వానిని లాగి కూర్చుండబెట్టిరి. వాని పాత్రకు గొలుసుకవచము, పెద్ద డాలు, కవచముపై ఒక అంకె మంత్రము కలవు. 10కి 5, 2, 1 చేర్చగా 18. ఎదుట ఓగర్ అను రాక్షసుడు గద యెత్తి నిలిచియున్నాడు. వాని బలము 8. గద తగిలినచో ఎంత తక్కువగానైనను 9 ప్రాణాంకములు పోవును. యోధునికి మిగిలియున్నవి 8 మాత్రమే.

నిర్వాహకురాలైన బాలిక సంచిలోనుండి గింజను తీసెను. 9. దానికి 8 కలుపగా 17. గద కవచమున కొరసి పక్కకు పోయినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. తమ్ముడు మాత్రము గింజను చేతిలోనికి తీసికొని కొంతసేపు చూచి, “ఆ ఒక్కటి లేకుంటే తగిలిండేది గదన్నా?” అనెను. తగిలియుండెడిదని చెప్పితిని. “మళ్లా కొడితే?” తగులవచ్చును, తగులకపోవచ్చును. “అయినా ఇది తీసేసుకోమని ఎవురూ చెప్పరు కదా?” అని తనలో తాననుకొన్నట్లుగా అనెను. నేను బదులు చెప్పలేదు. వాడే ప్రశ్న వేసికొని, వాడే జవాబు తెలిసికొనుచుండెను. అటువంటి సమయమున ఉపాధ్యాయుడు నోరు మెదపరాదు.

ఆనాటినుండి వాడు శనివారములు వచ్చుట మొదలిడెను. పిల్లలతో కూర్చుండి నియమముల నడుగును. ఆ నియమములు వానికి గని భాషలో అర్థమగుచుండెను.

మొదటిది వెల. మంత్రకవచమునకు వెల కట్టు సూత్రము మిక్కిలి సరళము: చేర్చిన అంకెను వర్గము చేసి 1000 చేత గుణించిన ఎంత వచ్చునో అన్ని బంగారు నాణెములు. ఒకటికి 1,000, రెండింటికి 4,000, మూడింటికి 9,000, నాలుగింటికి 16,000, అయిదింటికి 25,000. ఒక మెట్టునుండి వేరొక మెట్టునకు ఎక్కుటకగు వ్యయము వేలలో 1, 3, 5, 7, 9. వరుస వర్గముల భేదములు బేసిసంఖ్యలని పిల్లలకు నల్లబల్లపై ఎన్నిసార్లో చూపితిని. ఆ దినమున వారికి నిజముగా తెలిసినది. తమ్మునికి తెలిసినది వేఱు: మొదటి మెట్టు అన్నింటికన్న చౌక. ఏమియు లేనివాడు మొదటి రక్షణ పొందుటకగు వెలయే అత్యల్పము. అంతేకాదు, ఆ మొదటి అంకె లేనిదే తక్కిన గుణము లేవియు కవచమున కెక్కవు. ఇంకొక నియమము గూడ కలదు. మంత్రము పెట్టుటకు కవచము ముందుగా మేలైన పనితనముతో చేసినదై యుండవలెను. నాసిరకపు తొడుగుకు మంత్రము పట్టదు.

రెండవది కూడిక. ఒకే జాతికి చెందిన రక్షణలు రెండున్నను పెద్దదే లెక్కకు వచ్చును. వేఱువేఱు జాతులవైనచో అన్నియు కూడును. కవచముపై కవచము తొడిగిన ఫలము లేదు. కవచము, డాలు, రక్షాంగుళీయకము ఈ మూడును కలిసి పనిచేయును. తమ్ముడు దీనిని విని నవ్వి, “తువ్వాలు మీద తువ్వాలు చుట్టినట్లు” అనెను. అక్షరాల అంతే. సన్నని ధూళికి రెండు తువ్వాళ్లును ఒక తువ్వాలును సమానమే. కాని డ్రిల్లింగు చోట నీరు వదలినచో ధూళి పుట్టుటయే తగ్గును. అది యొక జాతి. లేచిన ధూళిని యంత్రముతో పీల్చివేయుట యొక జాతి. అప్పటికిని మిగిలినదానిని ఆపు మంచి మాస్కు మరియొక జాతి. ఈ మూడును కూడును.

మూడవది శపితకవచము. ఈ ఆటలో బాణాకర్షక కవచమను నొకటి గలదు. పరీక్షించినచో మూడంకెల మంత్రము గల నిండు లోహకవచమువలెనే తోచును. దగ్గరి పోరాటమున చక్కగా పనిచేయును. కాని దూరమునుండి బాణము వచ్చినపుడు కవచసంఖ్యనుండి 15 తీసివేయును! తొడిగినవాడు తనకు రక్షణ గలదని నమ్మి ముందునకు పోవును. ఆ నమ్మకమే వానిని కూల్చును. మా నాయన తువ్వాలును తలచుకొంటిని. అది పెద్ద రేణువులను ఆపినది; కంటికి కానరాని సన్నని ధూళిని లోపలికి విడిచినది. తువ్వాలున్నదను ధైర్యముతోనే గదా ఆయన ధూళిమబ్బులో మఱి రెండు గంటలు అదనముగా నిలిచినది!

నాలుగవది కవచమునకు అందని చోటు. దీనికి ఉదాహరణము ఆ పుస్తకములో గాక మన భారతముననే కలదు. ద్రోణపర్వమున, సైంధవుని వధించుటకు పోవు అర్జునుని ఎదుర్కొనుమని ద్రోణుడు దుర్యోధనునికి మంత్రపూర్వకముగా కవచము కట్టును. శివుడు ఇంద్రునికిచ్చిన ఆ కవచవిద్య అంగిరసునికి, బృహస్పతికి, అగ్నివేశ్యునికి సంక్రమించి, వానివలన ద్రోణునికి లభించినది. అర్జునుని బాణములు దానిపై వ్యర్థములైనవి. అర్జునుడు కారణమును గ్రహించి, కవచము కప్పని అరచేతులపై గురిపెట్టెను. దుర్యోధనుడు బాధతో తొలగిపోవలసివచ్చెను. తెలుగున ఈ పర్వము తిక్కన సోమయాజిది. ఈ కథ చెప్పగానే తమ్ముడు తన గడ్డమును నిమురుకొనెను. గడ్డము పెరిగినచోట మాస్కు ముఖమునకు అంటదు. ఆ సందుననే ధూళి చొరబడును. మరుసటి శనివారము వాడు నున్నగా గొరిగించుకొని వచ్చెను. ఎందుకని ఎవరును అడుగలేదు.

అయిదవది, నా మనస్సున గాఢముగా నాటినది, కవచమును మంత్రించువాని త్యాగము. ఆ మూడవ కూర్పు నియమము ప్రకారము మంత్రకవచమును చేయుటకు వెలలో సగము ధనము కావలెను. వెలలో ప్రతి 1,000 నాణెములకు ఒక దినము పట్టును. ఇవి గాక వెలలో 25వ వంతు అనుభవాంకములను చేయువాడు శాశ్వతముగా వదలుకొనవలెను. అనుభవాంకములనగా ఆ పాత్ర తన సాహసములలో, కష్టములలో సంపాదించుకొన్న జీవితసారము. అయిదంకెల కవచము చేయుటకు 25 దినములును 1,000 అనుభవాంకములును పోవును. 2008లో వచ్చిన నాలుగవ కూర్పునుండి ఈ నియమమును ఎత్తివేసిరి. ఆటకు అది భారమై యుండవచ్చును. నాకు మాత్రము ఆ పాతనియమమే సత్యమని తోచును. లోకమున ఏ రక్షణయు ఊరక పుట్టలేదు. ధూళిపై నీరు చల్లవలెనను నియమము వెనుక, తలకు ఇనుపటోపీ పెట్టవలెనను నియమము వెనుక, ఎవరెవరివో బ్రదుకులు వ్యయమైనవి. ఈ మాట చెప్పినపుడు తమ్ముడు, “అట్లయితే నాయన అంకెలు మనకుండాయన్నా” అనెను. ఆ మాట విన్న అమ్మ ఆ రాత్రి చాలసేపు మేలుకొనియుండెను.

ఇప్పుడు వాడు సరియైన మాస్కు పెట్టుకొనియే పనికి పోవుచున్నాడు. వేసవిలో ఊపిరి సలుపదు, చెమటకు చర్మము ఒరసికొనిపోవును, అయినను తీయడు. తోడి పనివారు తొమ్మిదిమంది వానితో కూడి, డ్రిల్లింగునకు నీరు ఏర్పాటు చేయుమని మేస్త్రీని అడిగిరి. వర్షకాలమున నీరు వచ్చినది. ఎండకాలమున మరల నిలిచిపోయినది. మరల అడుగుచున్నారు. వాని ఊపిరితిత్తులలో ఇప్పటికే ఎంత ధూళి చేరినదో నేనెఱుగను. ఇరువదవ గింజ సంచిలో ఉండనే యున్నది. కాని తక్కిన గింజలలో కొన్నింటిని వాడు తన పక్షమునకు త్రిప్పుకొన్నాడు.

విద్యార్థులారా! మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు వైద్యులగుదురు, కొందరు పనివారిని నడిపించు అధికారులగుదురు. ఆటలో మంత్రప్రయోగము తెలిసినవానికే కవచమును మంత్రించు శక్తి గలదు. అయిదంకెల కవచమునకు ఆతడు 15వ మెట్టునకు ఎదిగినవాడై యుండవలెను. ఈ లోకమున ఆ శక్తి చదువుకొన్నవానిది. ధూళిని అణచు యంత్రమును గీయువాడును, దానిని కొనుటకు సంతకము చేయువాడును, అది పనిచేయుచున్నదా యని వారమునకొకసారి పోయి చూచువాడును కవచములు చేయువారే. మీకు ఆ సంతకముచేయు దినము వచ్చినపుడు, మొదటి అంకె అన్నింటికన్న చౌక యని జ్ఞప్తియందుంచుకొనుడు. అది లేక పడినవాని నెవ్వడును ఆటలోవలె వచ్చేవారము క్రొత్తపాత్రగా తెచ్చి కూర్చుండబెట్టలేడు.